తడి తువ్వాలుకి కిడ్నీ రిపోర్టు

ప్రమోదిని కోపం గురించి మా మండలంలో రకరకాలుగా చెప్పుకుంటారు. మందస ఫంక్షన్ హాల్లో ఒకడి కాలర్ పట్టుకుందని ఒకరంటారు, కంప్యూటర్ ఎత్తి నేలకేసి కొట్టిందని ఇంకొకరంటారు. రెండూ అబద్ధమే. నేను అక్కడే ఉన్నాను. ఆమె సైన్సు చెప్పే హైస్కూల్లోనే నేను తెలుగు చెబుతాను. నా పేరు మనోహర్. జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను. అందులో నా తప్పు కూడా కొంత ఉంది కాబట్టి రాయక తప్పదు.

ఆమెది కంచిలి దగ్గర పల్లె. తండ్రి సన్యాసిరావుకి కొబ్బరితోట, దాని వెనక కాస్త జీడితోట. కూతురు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. పరిశోధనకి సీటు కూడా వచ్చింది. సరిగ్గా ఆ ఏడే, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి, ముప్ఫై ఏళ్ళ కొబ్బరిచెట్లని వేళ్ళతో సహా పెకలించి పడేసింది. ప్రమోదిని సీటు వదులుకుని ఇంటికొచ్చి, తండ్రితో పాటు గోతులు తవ్వి కొత్త మొక్కలు పాతింది. ఆ తర్వాత డీఎస్సీ రాసి మా బడికి వచ్చింది. వదులుకున్న సీటు గురించి నేనెప్పుడైనా కదిపితే, "అయిపోయింది కదా మాస్టారూ" అని మాట మార్చేసేది.

మొక్కలు నడుమెత్తు ఎదిగిన ఏడాది సన్యాసిరావుకి కాళ్ళు వాచాయి. కిడ్నీ జబ్బు పాతుకుపోయిన మా ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఎవరూ ఇంకేమీ అడగరు. కిడ్నీ ఎంత చెడిందో చెప్పే లెక్క, రక్తంలో క్రియాటిన్ ఎంత అని అడుగుతారు. రెండేళ్ళ నుంచి ఆయన సోమవారం, గురువారం పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతి మీద రక్తనాళం తాడులా ఉబ్బి ఉంటుంది. రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్ళే తాగాలి. కొబ్బరి బొండాం అసలు ముట్టకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. తన చేత్తో పాతిన చెట్టు మొదటి కాపు కాస్తే, ఆ బొండాలు నాకిచ్చి, నేను తాగుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి ఆయన.

కిందటేడు అక్టోబరు ఏడో తారీఖు, మంగళవారం. వానలు వెలిసి మూడు రోజులైంది. మధ్యాహ్నం మూడు దాటాక స్టాఫ్ రూములో ప్రమోదిని ఫోన్ చూస్తూ ఒక్కసారి బల్ల మీద చరిచింది. ఫిజిక్స్ నోబెల్ ముగ్గురికి ప్రకటించారు. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"ఏమిటమ్మా విషయం?" అన్నాను.

"గోడకేసి బంతి కొడితే ఏమవుతుంది మాస్టారూ?"

"తిరిగొస్తుంది."

"ఎలక్ట్రాన్ అప్పుడప్పుడు గోడకి అవతల తేలుతుంది. గోడకి చిల్లు ఉండదు, అది పైనుంచి దూకదు. అయినా అవతల ఉంటుంది. టన్నెలింగ్ అంటారు. ఒక్క రేణువుకి అలా జరుగుతుందని వందేళ్ళ నుంచి తెలుసు. వీళ్ళు ముగ్గురూ ఏం చేశారంటే, నలభై ఏళ్ళ కిందట, చేత్తో పట్టుకోగలిగిన చిన్న చిప్ మీద ఒక సర్క్యూట్ కట్టారు. అందులో కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు అన్నీ కలిసి ఒకే ఒక్క రేణువులా గోడ దాటాయి. కంటికి కనిపించేంత వస్తువులో! పైగా ఆ సర్క్యూట్ శక్తిని ఇష్టమొచ్చినంత పుచ్చుకోదు. ఇంత అంటే ఇంతే, మధ్యలో ఉండదు. క్వాంటం అంటే ఏ మంత్రమో కాదు మాస్టారూ, లాటిన్ మాట. 'ఎంత' అని అర్థం."

"మనం క్రియాటిన్ ఎంత అన్నట్టు," అన్నాను.

నవ్వింది. "అచ్చం అలాగే."

"దీనివల్ల మనకేమిటి లాభం?"

"ఇప్పుడు కడుతున్న క్వాంటం కంప్యూటర్లలో చాలావాటికి ఇదే పునాది. రేపు ఏమవుతుందో నేను చెప్పలేను. నిన్నటి సంగతి చెప్పగలను. మీ ఫోన్లో ట్రాన్సిస్టర్లు, కంటి ఆపరేషన్ చేసే లేజరు, విశాఖలో మీ నడుముకి తీసిన ఎమ్మారై, ఇవన్నీ క్వాంటం ఫిజిక్స్ పెట్టిన భిక్షే. అవి కనిపెట్టిన రోజున కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు, ఏమిటి లాభమని."

మర్నాడు పలాస నుంచి జీడిపప్పు పాకం తెప్పించి బడిలో అందరికీ పంచింది. సాయంత్రాలు ఇంటి అరుగు మీద తండ్రికీ తల్లి దమయంతికీ ఇదంతా విప్పి చెప్పిందట. సన్యాసిరావుకి సగం అర్థమైందో లేదో గానీ, కూతురి సంతోషం మాత్రం పూర్తిగా అర్థమైంది. టీకొట్టు దగ్గర కనిపించిన ప్రతివాడికీ "మా అమ్మి సదివిన సదువుకే ఈయేడు పెపంచంలో పెద్ద ప్రైజొచ్చింది" అని చెప్పుకున్నాడు.

దీపావళి వెళ్ళాక ఆ టీకొట్టు గోడకే ఒక కరపత్రం అంటించారు. 'నోబెల్ బహుమతి పొందిన క్వాంటం విజ్ఞానం ఇప్పుడు మీ ఊళ్ళో! చేతిలో కడ్డీ పట్టుకోండి, ఒక్క నిమిషంలో నలభై పేజీల రిపోర్టు. సూది లేదు, రక్తం లేదు. కిడ్నీ బాధితులకు ప్రత్యేక శిబిరం.' కింద డాక్టర్ తారకేశ్వరరావు అని పేరు, తెల్లకోటు వేసుకున్న ఫోటో.

సన్యాసిరావు ఆ కాగితం ముందు నిలబడి ఉండగా నేను బండి దిగాను.

"మాస్టారూ, ఇది మా అమ్మి సెప్పిందేనా?"

కొత్తగా తెలుసుకున్న మాట నోటికి వచ్చేసరికి నాకు ముచ్చటేసింది. "అదేనండీ. అదే క్వాంటం," అన్నాను. అని, టీ తాగి వెళ్ళిపోయాను. మొదటి లైను తప్ప కరపత్రంలో మిగతాదేమీ చదవలేదు.

శిబిరం బుధవారం పెట్టారు. కూతురు బడిలో ఉంది. సన్యాసిరావు ఒక్కడే వెళ్ళాడు. ఒక కడ్డీ చేతికిచ్చి, లాప్‌టాప్‌లో వేళ్ళు ఆడించి, రంగుల బొమ్మలున్న రిపోర్టు చేతిలో పెట్టారు. దాంతోపాటు రూపాయి బిళ్ళంత లోహపు బిళ్ళ ఒకటి. దాన్ని కుండలో వేసి ఆ నీళ్ళు రోజూ మూడు లీటర్లు తాగాలన్నారు. బిళ్ళలోని శక్తి గోడలు దాటి కిడ్నీలోకి వెళ్ళి దాన్ని నిద్రలేపుతుందన్నారు. డయాలసిస్ వల్లే కిడ్నీ బద్ధకిస్తోందని, మానితే గానీ లేవదని చెప్పారు.

గురువారం ఆయన మామూలుగానే పలాస బస్సెక్కాడు. ఆసుపత్రికి వెళ్ళలేదు. బస్టాండులో నాలుగు గంటలు కూర్చుని, చేతికి తనే దూది అంటించుకుని ఇంటికొచ్చాడు. సోమవారం కూడా అంతే. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే చుట్టాలింటికి వచ్చామని చెప్పాడు.

బుధవారం ఉదయం బడిలో ప్రార్థన జరుగుతుంటే ప్రమోదిని ఫోన్ మోగింది. అవతల దమయంతి ఏడుపు. నా బండి మీద ఇద్దరం వెళ్ళేసరికి సన్యాసిరావు మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం కొట్టుకుంటున్నాడు. ముఖం ఉబ్బిపోయి కళ్ళు గీతల్లా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టి పలాస తీసుకెళ్ళారు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. "రోజుకి ఎన్ని నీళ్ళు తాగారు?" అని అడిగాడు. ఆయన దాచుకుని తాగిన కుండ ఆ పొద్దునే తోటలో దమయంతి కంటబడింది, దాని సైజు చేత్తో చూపించింది.

మూడు రోజులకి ఆయన మాట్లాడగలిగాడు. మంచం పక్కన ప్రమోదిని, గుమ్మంలో నేను.

"ఎందుకు నాన్నా? ఒక్కమాట నన్నడగొచ్చు కదా?"

"నువ్వే కదమ్మీ సెప్పినావు. గోడ దాటి ఎల్పోద్దని. ఆడూ అదే సెప్పినాడు. ఒకటే సదువనుకున్నాను."

ఆమె జారిన దుప్పటి ఆయన కాళ్ళ మీదికి లాగింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ మళ్ళీ అందుకున్నాడు.

"అయినా, నిజం సెప్పమంటావేటి? దాహం తీరా నీళ్ళు తాగి రెండేళ్ళయిపోయింది. డాట్రు ఒద్దంటాడు, మీ అమ్మ ఒద్దంటాది, నువ్వొద్దంటావు. ఆడొక్కడే తాగమన్నాడు. ఆ కాగితంలో ఏటుందో నాకెందుకు? తాగమన్నాడు, తాగినాను."

వరండాలోకి వచ్చాక నేను టీకొట్టు సంగతి చెప్పేశాను. ప్రమోదిని నావైపు తిరిగింది. మామూలుగా మాతో పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషి, ఆ పూట ఇంటి మాటలోకి వెళ్ళిపోయింది.

"తెలీకపోతే తెల్దని సెప్పలేరేటి మాస్టారూ? ఆ ఒక్క ముక్క అంత కట్టమేటి? మీరు 'నాకు తెల్దు, మీ అమ్మిని అడగండి' అనుంటే మా నాన్న ఇంటికొచ్చి నన్నడిగేవోడు కాదా?"

వారం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, ఆదివారం పొద్దున్న, మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"మందసలో ఆడి శిబిరం ఉంది. బండి తీయండి," అంది.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. పెళ్ళి కుర్చీల్లో వరసగా కూర్చున్నవాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళే, కాళ్ళు వాచినవాళ్ళు, ముఖాలు నల్లబడినవాళ్ళు. వేదిక మీద తారకేశ్వరరావు చాలా మర్యాదగా, మెత్తగా మాట్లాడుతున్నాడు. ప్రమోదిని వరసలో నిలబడి తండ్రి పేరు, వయసు రాయించింది. "రోగి బయట ఉన్నారు, లేవలేరు. నేనే కడ్డీ తీసుకెళ్ళి పట్టిస్తాను. తీగ గుమ్మందాకా వస్తుంది కదా," అంది. సరేనన్నారు.

గుమ్మం బయట నేను తప్ప ఎవరూ లేరు. సంచిలోంచి తడిపిన తువ్వాలు తీసి, ఆ కడ్డీకి చుట్టి కుర్చీలో పెట్టింది. లోపల యంత్రం ఒక నిమిషం కూసింది. రిపోర్టు వచ్చింది.

ఆమె రిపోర్టు ఒక చేత్తో, తువ్వాలు చుట్టిన కడ్డీ ఇంకో చేత్తో పట్టుకుని వేదిక ఎక్కింది. మైకు అడగలేదు. నలభైమంది పిల్లల క్లాసుకి వినిపించే గొంతు అది.

"అందరూ సూడండి. ఈ యంత్రం ఇప్పుడు పరీచ్చ సేసింది మడిసిని కాదు. ఈ తువ్వాలుని. తువ్వాలుకి కిడ్నీ ముప్ఫై శాతమే పని సేస్తోందంట. కాలేయానికి కొవ్వు పట్టిందంట. ప్రోస్టేటు వాచిందంట. ఇదిగో, సంతకం కూడా ఉంది."

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెనక దాకా పాకింది. తారకేశ్వరరావు మాత్రం చలించలేదు.

"మేడమ్, ఇది సూక్ష్మశక్తి. మీవంటి వారికి వెంటనే అర్థం కాదు. అడ్డుగోడలు దాటి శక్తి ప్రయాణిస్తుందని నోబెల్ వాళ్ళే ఒప్పుకున్నారు. పేపర్లో వచ్చింది. మీరు చదివారో లేదో."

అప్పుడు చూశాను ఆమె కోపం. అరుపు కాదు. గొంతు తగ్గింది. హాలంతా నిశ్శబ్దమైతే గానీ వినబడనంత.

"సదివాను. నువ్వు సదివావా? ఆ చిప్‌ని ఎంత చలిలో పెట్టారో తెలుసా నీకు? ఇంక అంతకంటే చల్లబడడానికి వీల్లేదన్న చోటు దాకా తీసికెళ్ళారు. గాల్లో తిరిగే రేడియో తరంగం కూడా సోకకుండా కప్పెట్టారు. కాస్త వేడి తగిలితే, కాస్త అలికిడైతే, ఆ గోడ దాటడం కనపడదు. అంత జాగర్త పడ్డారు. పడి, కొలిచి, తప్పేమో అని మళ్ళీ కొలిచి, ఎలా కొలిచామో రాసి లోకమంతటికీ ఇచ్చారు, కావాలంటే మీరూ సేసి సూసుకోండని. నలభై ఏళ్ళు అందరూ సేసి సూసినాకే ప్రైజిచ్చారు. నువ్వు నీ బిళ్ళని మా నాన్న కుండలో వేసి, డయాలసిస్ మానమన్నావు. నువ్వేటి కొలిసినావు? ఎవరికి సూపించినావు? మా నాన్న ఊపిరాడక సచ్చిపోబోతే, ఆ లెక్క ఎక్కడ రాసుకున్నావు?"

"ఆయన విశ్వాసంతో వాడి ఉండరు..." అని మొదలుపెట్టాడు తారకేశ్వరరావు.

"విశ్వాసం నేకపోయినా పలాసలో డయాలసిస్ మిషను రక్తం కడిగింది," అంది ప్రమోదిని.

జనం లేచారు. బిళ్ళలు కొన్నవాళ్ళు వేదిక వైపు తోసుకొచ్చారు. మనుషులు తోపులాడుతుంటే అతను వెనక గుమ్మంలోంచి బయటపడి వ్యానెక్కాడు. యంత్రం అక్కడే వదిలేశాడు. దాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. కేసు నడుస్తోంది. అతను డాక్టరు కాదని తేలింది. ఇక్కడిదాకా అందరూ చెప్పుకునేదే, గెలుపులా.

చెప్పుకోనిది ఒకటుంది. హాలు ఖాళీ అవుతుంటే చిన్నమ్మి అనే ముసలావిడ ప్రమోదిని ముందుకొచ్చి నిలబడింది. పక్క పల్లె ఆమె. భర్తనీ పెద్ద కొడుకునీ ఈ జబ్బే తీసుకుపోయింది. ఇప్పుడు రెండోవాడికి మొదలైంది.

"బాగా సదివినావమ్మా. బాగా తిట్టినావు. ఆడు దొంగే, ఒప్పుకున్నాను. మరి నువ్వేటిత్తావు మాకు? ఇన్నేళ్ళ బట్టీ పెద్దపెద్దోలందరూ మా నీళ్ళట్టుకెళ్ళినారు, మా మన్నట్టుకెళ్ళినారు, మా రక్తమట్టుకెళ్ళినారు. ఎందుకొత్తందో ఒక్కడైనా వచ్చి సెప్పినాడా? ఆ దొంగనాకొడుకైనా మా పక్కన కూకుని, బాగైపోద్దమ్మా అన్నాడు."

చిన్నమ్మి జవాబు కోసం ఆగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో జీడితోటల దగ్గర ప్రమోదిని బండి ఆపమంది. దిగి రోడ్డు పక్కన నిలబడింది. రాయి మీద రాయి పేర్చి కాలితో తన్నింది.

"ఆ ముసలమ్మ అన్నది నిజం మాస్టారూ. ఒక ఎలక్ట్రాన్ గోడ దాటిందా లేదా తేల్చడానికి లోకం అంత ఓపిక పట్టింది. మంచిదే, పట్టాలి. నాకా పని అంటే ప్రాణం. కానీ మా నాన్న కిడ్నీ ఎందుకు పోయిందో తేల్చడానికి ఆ ఓపిక ఎక్కడ పెట్టారు? నీరంటారు, ఎండంటారు, నొప్పి మాత్రలంటారు, పురుగుమందులంటారు. అన్నీ కొంచెం కొంచెం అంటారు. వచ్చినవాళ్ళు వస్తారు, ఫోటో దిగుతారు, వెళ్తారు. పట్టుదలగా పదేళ్ళు కూర్చుని కొలిచేవాళ్ళు ఎందరు? ఆ ఖాళీలోనే కదా ఆ దొంగ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆడి మీద కోపం ఈ పూటకి సరిపోయింది. మిగతా కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలీడం లేదు."

అప్పుడు నేను ఏదో ఓదార్పు చెప్పబోయి, మానుకున్నాను. నాకు తెలియదు అన్నాను. ఆమె తలూపి బండెక్కింది.

ఆ తర్వాత ఆమె చేసింది చిన్న పని. కలెక్టరుకీ, ఆరోగ్యశాఖకీ, పరిశోధన సంస్థలకీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. మా ఊళ్ళ నుంచి తీసుకెళ్ళిన నీటి నమూనాల ఫలితాలు ఏ ఊరివి ఆ ఊరికి తెలుగులో చెప్పండి, ఇదీ అడిగింది. ఇంతవరకూ రెండు జవాబులొచ్చాయి. ఒకటి, మీ ఉత్తరం అందింది అని. రెండోది, ఒక పరిశోధకురాలు స్వయంగా రాసింది. తమకు తెలిసినదేమిటో, తెలియనిదేమిటో విడివిడిగా రెండు పేజీలు. తెలియని వాటి జాబితానే పొడుగ్గా ఉంది. ప్రమోదిని ఆ ఉత్తరం తీసుకుని చిన్నమ్మి ఇంటికి వెళ్ళి చదివి వినిపించింది. ఆవిడ ఏమందని అడిగాను. "అన్నం తిని వెళ్ళమంది," అని మాత్రం చెప్పింది.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది జాతీయ సైన్సు దినోత్సవం. ఏటా మా బడిలో ఎవరో ఒక అధికారి వచ్చి మాట్లాడతారు. ఈసారి ప్రమోదిని తండ్రిని పిలిచింది. హెడ్మాస్టరు గొణిగాడు. సన్యాసిరావు ఒప్పుకోడని నేననుకున్నాను. ఒప్పుకున్నాడు. తెల్లచొక్కా వేసుకుని, ఉబ్బిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పిల్లల ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"మీ టీచరమ్మ నా కూతురు," అన్నాడు. "ఇంట్లోనే సదువుంది. అయినా మోసపోయినాను. బుర్ర నేక కాదు. కట్టంలో ఉన్నోడికి ఎవుడు బాగా మాటాడితే ఆడే డాట్రు. అందుకే మీకు సెప్తన్నాను. ఎవుడైనా వచ్చి పెద్ద మాటొకటి సెప్తే, ఎంత అని అడగండి. ఎలగ కొలిసినావు అని అడగండి. మా ముందర మళ్ళీ సెయ్యి అని అడగండి. సిగ్గుపడకండి. నాను సిగ్గుపడ్డాను, కూతుర్ని అడగటానికి."

ఆ పిల్లల్లో కనీసం పదిమంది ఇళ్ళల్లో ఇలాంటి ఉబ్బిన చేతులున్నాయి. వెనక వరసలోంచి తొమ్మిదో తరగతి ఇందు లేచింది. ఆ పిల్ల తాతకీ డయాలసిస్సే.

"తాతా, ఆ నీళ్ళు ఎలగున్నాయి?"

సన్యాసిరావు కూతురి వైపు ఒకసారి చూశాడు.

"మామూలు నీళ్ళేనమ్మా. మన కుళాయి నీళ్ళే," అన్నాడు. "సల్లగున్నాయి."

ప్రమోదిని సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు నడిచింది. "తర్వాత ఎవరు అడుగుతారు?" అంది. ఆరు చేతులు లేచాయి.